విల్‌ఫ్రెడ్ పెండిల్ గారిని ఎవరూ మెచ్చుకోవద్దు

మనిషిని బతికుండగా మెచ్చుకోవడం లాంటి మోటు పని ఇంకొకటి లేదు!

ఈ మాట కోపంతో అనడం లేదు. ముప్ఫై ఒక్కేళ్ళుగా మార్లింగ్ వారపత్రికలో ఈ పదకొండో పేజీ నింపుతున్నవాణ్ణి. అందులో ఇరవై ఏళ్ళుగా సంతాప వ్యాసాలూ రాస్తున్నవాణ్ణి. అనుభవం మీద చెబుతున్నాను. పోయినవాళ్ళను మెచ్చుకోవడంలో ఉన్న సుఖం ఉన్నవాళ్ళతో రాదు. పోయినవాడు సిగ్గుపడడు. "అబ్బే, నాదేముందండీ" అని మెలికలు తిరగడు. అన్నిటికన్నా ముఖ్యం, మర్నాడు పోస్టాఫీసు క్యూలో మన వెనకాలే నిలబడి ఉండడు!

మా ఊరి సముద్రపు ఒడ్డునే చూడండి. అర మైలు పొడవునా బల్లలు. ప్రతి బల్లకీ ఒక ఇత్తడి రేకు, దాని మీద పోయినవాళ్ళ పేరు. మూడో బల్ల ఐవీ టర్నల్ గారిది. "ఈ సముద్రమంటే ఆమెకు ప్రాణం" అని చెక్కించారు. ఐవీ గారు నలభై ఏళ్ళు బడి ముందు రోడ్డు మీద నిలబడి పిల్లల్ని దాటించింది. ఆ నలభై ఏళ్ళలో ఒక్కరైనా ఆవిడకో స్టూలు తెచ్చి వేశారా? లేదు. పోయాక ఏకంగా బల్లే వేశారు! ఇప్పుడు దాని మీద కూర్చుని మేము చేపలూ చిప్సూ తింటున్నాం. మెచ్చుకోలు నలుగురికీ ఇంతగా ఉపయోగపడాలంటే మనిషి ముందు పోవాలి కదా.

ఇక ఫోన్లు వచ్చాక ఈ సంస్కారం మూడు పువ్వులూ ఆరు కాయలుగా వర్ధిల్లుతోంది. పాతకాలపు నటుడెవరైనా కన్నుమూస్తే చాలు, టీ నీళ్ళు మరిగేలోగా లక్షమంది ఏడుస్తారు. "నా బాల్యం ఈ రోజు చచ్చిపోయింది" అని ఒకడు రాస్తాడు. వాడికి పంతొమ్మిదేళ్ళు! "ఈయన ఇన్నాళ్ళూ ఉన్నాడా?" అని ఇంకొకరు ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపోయి, వెంటనే గుండె పగిలిన బొమ్మ పెడతారు. కొందరు దీన్ని న్యూసెన్స్ అంటున్నారు. నేనొప్పుకోను! ఒక్క పెన్నీ ఖర్చు పెట్టకుండా, ఒక్క సినిమా చూడకుండా, పడక మీంచి లేవకుండా గొప్ప కళాకారుణ్ణి గౌరవించే వీలు మన తాత ముత్తాతలకు ఉండేదా?

అందుకే అంటున్నాను, విల్‌ఫ్రెడ్ పెండిల్ గారిని మీరెవరూ మెచ్చుకోవద్దు. ఆయన ఇంకా బతికే ఉన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పెండిల్ గారికి తొంభై రెండేళ్ళు. మా ఊళ్ళోనే, లైఫ్‌బోట్ షెడ్డు వెనక సందులో, ఆకుపచ్చ తలుపు ఇంట్లో ఒక్కరే ఉంటారు. అరవై ఒక్క సినిమాల్లో నటించారు. వాటిలో ఇరవై మూడింటిలో చచ్చిపోయారు. చాలా వాటిలో మొదటి రీలు దాటకుండానే పోయారు. ఓడ మునిగితే మొదట మునిగేది ఆయనే. ప్రభువుగారి భవంతిలో హత్య జరిగితే శవాన్ని ముందుగా చూసి, ట్రే కింద పెట్టకుండా "అయ్యగారూ, ఒక చిన్న అసౌకర్యం కలిగింది" అని చెప్పే బట్లరూ ఆయనే. స్టేషన్ మాస్టరు, పాదిరీ, రెండో గుమాస్తా, మూడో సార్జెంటు, ఇలా ఎన్నో వేషాలు. హీరోలకు సర్ బిరుదులు వచ్చాయి. పెండిల్ గారికి గ్రిమ్స్‌బీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఫలానా సినిమాలో మీ టోపీ మీద బిళ్ళ తప్పు రెజిమెంటుదని, ఇకనైనా జాగ్రత్తగా ఉండమని ఒక రిటైర్డు మేజరు రాశాడు. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు.

ఆయన నటన ఎలా ఉంటుందంటారా? ఉండదు! అదే ఆయన గొప్ప. ఆ రోజుల్లో డైరెక్టర్లు ఆయనకు ఒకే ఒక్క మాట చెప్పేవారట. "ఇంకొంచెం తగ్గించు విల్‌ఫ్రెడ్" అని. ఆయన తగ్గించేవారు. మళ్ళీ తగ్గించమంటే మళ్ళీ తగ్గించేవారు. చివరికి తెర మీద కనుబొమ్మ ఒక్కటే మిగిలేది. దానితోనే పని జరిపించేవారు.

ఒక్క సీను మాత్రం చెప్పి తీరాలి. అది యుద్ధకాలం కథ. పెండిల్ గారు పల్లెటూరి పోస్ట్‌మాన్. కొడుకు పోయాడన్న టెలిగ్రాం పట్టుకుని ఒక తల్లి ఇంటి గేటు ముందుకొస్తాడు. ఆవిడ పెరట్లో క్యాబేజీలకు నీళ్ళు పోస్తూ ఉంటుంది. చూసి నవ్వుతుంది. అతను ఇవ్వలేడు. "క్యాబేజీలు బాగా పట్టాయండీ" అంటాడు. పురుగు గురించి అడుగుతాడు. వాన గురించి మాట్లాడతాడు. రెండు నిమిషాలు! కన్నీళ్ళు లేవు, సంగీతం లేదు. టెలిగ్రాం ఉన్న చెయ్యి మాత్రం సంచీలోంచి బయటికి రాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడే ఆ చేతి వైపు చూస్తుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న నన్ను ఆ సినిమాకు తీసుకెళ్ళాడు. రైల్వేలో సిగ్నల్‌మాన్ ఆయన. ఇద్దరన్నల్ని యుద్ధంలో పోగొట్టుకుని కూడా ఆ సంగతి ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. ఆ సీను వచ్చినప్పుడు ఆయన చీకట్లో నా చెయ్యి పట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా వదల్లేదు. అమ్మ "సినిమా ఎలా ఉంది?" అని అడిగితే, కోటు తగిలిస్తూ "ఫర్వాలేదు, ఆ పోస్టువాడు" అన్నాడు. మా నాన్న నోట అంతకు మించిన పొగడ్త నేనెన్నడూ వినలేదు. ఆయన జీవితంలో నా చెయ్యి పట్టుకున్నది కూడా ఆ ఒక్కసారే. దానికి నేను పెండిల్ గారికి ఎంతో రుణపడి ఉన్నాను. కానీ ఆ సంగతి ఆయనకు చెబుతామా? ఛీ ఛీ, మేమేం అనాగరికులమా!

మా నాగరికతకు నిలువెత్తు రుజువు పెండిల్ మిత్రమండలి. పద్దెనిమిదేళ్ళుగా నెలకో మంగళవారం చర్చి హాల్లో మధ్యాహ్నం రెండున్నరకు కలుస్తాం. ఆయన సినిమా ఒకటి వేసుకుంటాం. టీ తాగుతాం. ఆయన కనుబొమ్మ గురించి చర్చిస్తాం. ఆయన ఇంటికీ ఆ హాలుకీ మధ్య దూరం మూడు వందల గజాలు. పద్దెనిమిదేళ్ళలో ఆయన్ని ఒక్కసారి కూడా పిలవలేదు. "పిలిస్తే పాపం ఆయన ఇబ్బంది పడరూ?" అంటుంది మా కార్యదర్శి డోరిన్ కటిల్. రిటైరయిన నర్సు, ఎవరికీ నొప్పి తెలియకుండా సూది వేసేదని ఊళ్ళో పేరు.

అయినా రెండేళ్ళ కిందట, నవంబరులో, ఒక మంగళవారం కుండపోతగా వాన కురుస్తుండగా ఆయనే వచ్చారు!

తలుపు తెరుచుకుంది. గొడుగు ముడిచి, నీళ్ళు దులుపుకుని, వెనక వరసలో కుర్చీ చూసుకుని కూర్చున్నారు. ఆ క్షణాన తెర మీద ఆయనే, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, సైకిలు తొక్కుకుంటూ క్యాబేజీల ఇంటికి వెళుతున్నారు. హాల్లో పదిహేడు మందిమి ఉన్నాం. పదిహేడు గుండెలూ ఆగిపోయాయి. ఒక్క తల కూడా రెండోసారి తిరగలేదు! అదీ పెంపకం అంటే. డోరిన్ అయితే ఇంకో మెట్టు పైకెక్కింది. ఆయన ముందే ఆయన సీను చూస్తే ఆయనకెంత ఇరకాటం అని, లేచి మెషీన్ ఆపేసింది. ఆపేసి, తన వేల్స్ యాత్ర ఫొటోలు వేసింది. నలభై నిమిషాలు గొర్రెల్ని చూశాం. టీ టైములో ఆయన కప్పు నేనే నింపాను. నోరు మాత్రం జారలేదు. "వాన తగ్గేలా లేదండీ" అన్నాను. "లేదు" అన్నారు ఆయన. బిస్కెట్ ఒకటి తిని, అందరికీ తల వంచి, వెళ్ళిపోయారు.

ఆయన అటు వెళ్ళగానే డోరిన్ కుర్చీలో కూలబడింది.

"ఎంత బాగా మేనేజ్ చేశాం! ఆయన్ని గుర్తుపట్టినట్టు ఆయనకి చీమంతైనా తెలియనిచ్చామా? పాపం వానకి తలదాచుకుందామని వచ్చారు, హాయిగా టీ తాగి వెళ్ళారు" అంది. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఇంతవరకూ నా వాదనకు తిరుగులేదు కదా? వచ్చిన చిక్కల్లా పోయిన నెలలో వచ్చింది.

పత్రికాఫీసుల్లో ఒక ఆచారం ఉంది. పేరున్న ముసలివాళ్ళ సంతాప వ్యాసాలు ముందే రాసి బీరువాలో ఉంచుతాం. ఏడాదికోసారి తీసి వయసు ఒకటి కలుపుతాం. పెండిల్ గారు మెట్ల మీద జారిపడ్డారని తెలియగానే మా ఎడిటర్ నైజెల్ బాస్కం నా బల్ల దగ్గరికొచ్చాడు. "ఆ ఫైలు కాస్త తాజా చెయ్యవయ్యా. చలికాలం మంచిది కాదు" అన్నాడు. మంచిది కాదంటున్నప్పుడు అతని మొహం వెలిగిపోతోంది. మొదటి పేజీ మరి!

వెళ్ళాను. సంగతి ఇదని మనిషికి చెప్పకూడదు, రాసింది ఆయనకు చూపించకూడదు. ఆ రెండూ మా వృత్తి నియమాలు. పెండిల్ గారు కాలికి కట్టుతో కుర్చీలో ఉన్నారు. ఒళ్ళో మా పత్రిక, చేతిలో అరచెయ్యంత భూతద్దం.

"రావోయ్. సంతాప వ్యాసమేనా?" అన్నారు.

"అబ్బే, ఏవో పాత వివరాలండీ. ఫైలు దుమ్ము దులుపుతున్నాం."

"దుమ్ము ఫైలు మీదుందా, నా మీదుందా? సరేలే. ఎన్ని మాటలిచ్చారు నాకు?"

ఇక దాచి ఏం లాభం! "ఎనిమిది వందలండీ" అన్నాను.

"నాతో నాలుగు సినిమాలు చేసిన గుర్రం పోతే పన్నెండు వందలు రాశారయ్యా మీవాళ్ళు! పోనీ, అది నాకన్నా బాగా చేసేదిలే" అని నవ్వారు. నేను పుట్టిన ఊరు, సినిమాల లెక్క సరిచూసుకున్నాను. ఆయన భూతద్దం పక్కన పెట్టి, కళ్ళు నులుముకున్నారు.

"ఒక్క సాయం చేస్తావా? అది నాకోసారి చూపించు."

"నియమం ఒప్పుకోదండీ."

"తెలుసు. నేనడిగేది ఎందుకంటే, ఈ కళ్ళు ఈస్టర్ దాకానే అన్నాడు డాక్టరు. ఆ తర్వాత వెలుగూ నీడా అంతేనట, అక్షరాలు కనపడవట. నా గురించి ఎవరైనా ఏమైనా రాస్తే నా కళ్ళతో నేను చదువుకుందామని ఆశ. అంతకన్నా ఏం లేదులే. బిస్కెట్ తీసుకో."

బిస్కెట్ తీసుకున్నాను. ఇంకేం చెయ్యను? ఆయన కిటికీ వైపు తిరిగి మామూలుగా, ఎవరో పక్కింటివాళ్ళ కబురు చెబుతున్నట్టు చెప్పుకొచ్చారు.

"ఆ మధ్య మీ మంగళవారం మీటింగుకి వచ్చాన్లే. నీకు గుర్తుండదు. నా పేరు ఆ హాలు తలుపు మీద రాసుందని పాలవాడు చెప్పాడు. వెళ్దామా వద్దా అని పదహారేళ్ళు ఆలోచించాను. మనల్ని పిలవందే ఎలా వెళ్తాం? చివరికి ఓ రోజు గడ్డం గీసుకుని, పెళ్ళినాటి టై కట్టుకుని బయల్దేరా. వానొకటి. తీరా వెళ్తే ఒక్కరూ గుర్తుపట్టలేదు! సరే, మొహం మారిపోయిందిగా, వాళ్ళ తప్పేముంది. తెర మీద నా పోస్ట్‌మాన్ వస్తున్నాడు, ఆ సీనైనా వాళ్ళతో పాటు కూర్చుని చూద్దామనుకున్నా. దాని ముందర ఆపేశారయ్యా. గొర్రెల బొమ్మలేశారు. గొర్రెలు బాగున్నాయిలే, కాదన్ను. కానీ అప్పుడు తెలిసొచ్చింది నాకు, నేను బాగా చేశాననుకున్న ఆ ఒక్క సీనూ జనానికి విసుగేనని."

పాఠకులారా, ఆ గదిలో నేనున్నాను. నోట్లో నాలుకుంది. "అయ్యా, అది కాదు సంగతి" అని నాలుగు ముక్కలు అంటే చాలు! నేనేమన్నానో తెలుసా? "చలి పెరిగిందండీ ఈ మధ్య" అన్నాను. కోటు వేసుకుని బయటికొచ్చి, లైఫ్‌బోట్ షెడ్డు గోడకానుకుని చాలాసేపు నిలబడ్డాను. సిగ్గేసింది. అరవై నాలుగేళ్ళకు అంత సిగ్గుపడాల్సి వస్తుందని అనుకోలేదు.

తిన్నగా నైజెల్ దగ్గరికి వెళ్ళాను. ఆ వ్యాసం ఇప్పుడే, ఈ వారమే వేద్దామన్నాను.

"బతికున్న మనిషి బతికున్నాడని వేస్తే అది వార్తెలా అవుతుందయ్యా? కాస్త ఓపిక పట్టు. పోగానే మొదటి పేజీ, రంగుల బొమ్మ, నీ పేరు. నేను మాటిస్తున్నా" అన్నాడు.

"అప్పటికి ఆయన చదవలేరు."

"పోయాక ఎవరు చదువుతారు?" అన్నాడు నైజెల్, నిజంగానే అర్థంకాక.

అక్కణ్ణుంచి డోరిన్ ఇంటికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆవిడ చేతిలోని టీ కప్పు పక్కన పెట్టేసింది.

"ఆపింది ఆయన కోసం కదా! అయ్యో, ఆ సీను చూసి ఏడవని వాళ్ళెవరూ లేరు కదయ్యా మనలో. ఆయన ముందు ఏడిస్తే ఏం బావుంటుందని..." అంది.

"అయితే వెళ్ళి చెబుదాం పద."

"ఇప్పుడా? రెండేళ్ళ తర్వాత? వెళ్ళి ఏమని మొదలెడతాం? ఆయన ఎంత ఇబ్బంది పడతారో!" అంది. నేనూ ఆలోచించాను. నిజమే కదా, చాలా ఇబ్బంది. మేమిద్దరం మరో కప్పు టీ తాగాం.

కాబట్టి నేను నా మాట మీదే ఉన్నాను. బతికున్నవాళ్ళను మెచ్చుకోకూడదు, ఈ వ్యాసంలో పెండిల్ గారిని ఎక్కడా మెచ్చుకోలేదని గమనించగలరు. అయితే పత్రికలకు ఇంకో నియమం కూడా ఉంది. మన వల్ల ఎవరికైనా తప్పుడు సమాచారం చేరితే, దాన్ని సరిదిద్దుతూ ఒక ప్రకటన వెయ్యాలి. దానికి ఎడిటర్ అనుమతి అక్కర్లేదు. పైగా నైజెల్ పదకొండో పేజీ ఎన్నడూ చదవడు. పేజీలు పెట్టే మారియన్‌ని ఒక్క కోరిక కోరాను, ఈ కింది భాగం అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి వెయ్యమని. ఎంత పెద్దవని అడిగింది. ఎంత పడితే అంత అన్నాను. ఎందుకనలేదు. డోరిన్ తమ్ముడి భార్య ఆవిడ, మా మంగళవారాల్లో వెనక వరసలో కూర్చునేది.

సవరణ

రెండేళ్ళ కిందట నవంబరులో, ఒక మంగళవారం మధ్యాహ్నం, చర్చి హాల్లో తనను ఎవరూ గుర్తుపట్టలేదని శ్రీ విల్‌ఫ్రెడ్ పెండిల్ గారికి కలిగిన అభిప్రాయం వాస్తవం కాదు. హాజరైన పదిహేడు మందీ, తలుపు తెరుచుకున్న క్షణంలోనే గుర్తుపట్టారు. టై కూడా గమనించారు.

సినిమాను ఆపివేసింది విసుగు పుట్టి కాదు. తరవాత రెండు నిమిషాల్లో పదిహేడు మందీ ఆయన ఎదుట ఏడవాల్సి వస్తుందని, అందుకు ధైర్యం చాలక.

టీ పోసిన వ్యక్తి "వాన తగ్గేలా లేదండీ" అన్నట్టు నమోదయింది. దాన్ని "మేమంతా ఇక్కడికి వస్తున్నది మీ కోసమేనండీ" అని చదువుకోవలసిందిగా మనవి.

పొరపాటుకు చింతిస్తున్నాం.